మాంగనీసు రాడ్డు

ఫిబ్రవరి 5, 2024, సోమవారం
పొద్దున్నంతా జీఐ పైపులతో గేటు. పూత గీకకుండానే అతికించెయ్యమన్నాడు ఓనరు, టైము లేదట. సాయంత్రానికి వణుకు. నాలుక మీద రాగి పైసా పెట్టుకున్నట్టు రుచి. బెల్లం తిని పాలు తాగి పడుకోవడమే. తెల్లారితే పోతుంది. ఆదివారం ఇంట్లో ఉండి వెళ్తేనే వస్తుందేం, ఇది?

మార్చి 11
రాడ్ల డబ్బా మీది ఇంగ్లీషు అమ్మాయి చదివి పెట్టింది. పొగ పీల్చవద్దని ఉందట. వెల్డింగు పొగతో క్యాన్సర్ వస్తుందని 2017లోనే తేల్చారట. బీడీ పొగ ఉన్న జాబితాలోనే ఇదీనూ. నేను బీడీ ముట్టను. స్టీలు రెయిలింగుల పొగలో క్రోమియం ఉంటుంది నాన్నా అంది. ఏం చెప్పను?

ఏప్రిల్ 22
అనకాపల్లి నుంచి క్రషర్ జాలు. రాయిని నమిలీ నమిలీ పళ్లు అరిగిపోయాయి. మాంగనీసు రాడ్డుతో పొర మీద పొర కట్టాలి. జాలోనే నూటికి పన్నెండు పాళ్లు, అటూ ఇటూగా, మాంగనీసు. పొర వేసి సుత్తితో కొట్టి, స్లాగు దులిపి, మళ్లీ పొర. ఆర్కు చెదురుతుందని ఫ్యాను ఆపేశాం. పొగ ముసుగులోకే వస్తుంది. కూలి మాత్రం బాగుంది.

జూన్ 17
గేటు మూలమట్టం చూద్దామని రెండడుగులు వెనక్కి వేశాను. వెల్లకిలా పడ్డాను. హెల్పర్ కుర్రాడు నవ్వాడు. నేనూ నవ్వాను.
ఇంట్లో మాటకి ముందే కోపమట. నిద్రా లేదు.

జులై 8
ఇంతవరకు చూసిన డాక్టర్లంతా బీడీ సంగతే అడిగారు. ఈయన ఏ రాడ్డు అని అడిగాడు! వరండాలో వెనక్కి నడవమన్నాడు. నడవలేకపోయాను.

జులై 15
స్కానింగులో మెదడు లోపల రెండువైపులా తెల్లగా ఉంది. పార్కిన్సన్స్ లాంటిదేగానీ అది కాదట. ఆ మాత్రలు దీనికి అంతగా పట్టవట. పొగ మానేస్తే తెలుపు తగ్గుతుందన్నాడు. నడక సంగతి అడిగితే కాగితం వైపు చూశాడు.
ఈ జబ్బు 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఉందట. డాక్టరు రాసి పంపాలట. ఫ్యాక్టరీ పేరేమిటన్నాడు. నాలుగు రేకుల కింద ఐదుగురం. ఏం పేరు చెప్పను?

ఆగస్టు 2
గ్రైండింగూ కొలతలూ చూసుకోమన్నాడు ఓనరు. కూలి సగం. రేపు మళ్లీ జాలు వస్తాయట, హోల్డరు కుర్రాడికి ఇమ్మన్నాడు. వాడికి పట్టరాని సంతోషం. ముక్కుకి చేతిరుమాలు కట్టుకుంటానంటున్నాడు. చేతిరుమాలు ఆపుతుందా ఆ పొగని? మాస్కు కొనమన్నాను ఓనర్ని. పండక్కి చూద్దామన్నాడు. ఏ పండక్కో.