ఒక నిమిషం పరుగు

పదకొండు నెలల తర్వాత నేను మొదటిసారి పరిగెత్తింది ఒక్క నిమిషం. విశాఖ ఉక్కునగరంలో, తెల్లవారుజామున, గ్రౌండ్‌లో గడ్డి ఇంకా తడిగానే ఉంది. నాలుగు నిమిషాలు నడక, ఒక నిమిషం పరుగు, మళ్ళీ నడక. అలా ఐదుసార్లు. పది వేల మీటర్లు 32 నిమిషాల్లో పరిగెత్తినవాణ్ని. ఆ ఐదు నిమిషాలు అయ్యాక గట్టు మీద కూర్చుంటే కళ్ళు తడిశాయి. సంతోషమో, భయమో తేల్చుకోలేకపోయాను.

ఉక్కు ఫ్యాక్టరీ కోక్ ఓవెన్స్‌లో నా ఉద్యోగం. ఏ, బి, సి షిఫ్టుల మధ్యలోనే పరుగు. రాత్రి సి షిఫ్టు దిగి ఇంటికి పోకుండా నేరుగా రోడ్డెక్కిన రోజులు చాలా ఉన్నాయి. వారానికి 110 కిలోమీటర్లు. నిద్ర అయిదు గంటలు. ఇప్పుడు లెక్క వేసుకుంటే నా కాలి ఎముక ఎందుకు పగిలిందన్నది పెద్ద రహస్యమేమీ కాదు. పరుగులో అరిగిన ఎముకను ఒళ్ళు ముందు తవ్వి తీసేస్తుంది, ఆ తర్వాతే కొత్తది కడుతుంది. తవ్వకం అయి, కట్టుబడి పూర్తికాని ఆ కొన్ని వారాలు ఎముక అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే నేను దూరం పెంచాను.

నొప్పి కుడి మోకాలి కింద, ముందువైపు ఎముక మీద, బొటనవేలు ఆనేంత చోట. మొదట్లో పరుగు మొదలెట్టగానే ఉండి, ఒళ్ళు వేడెక్కాక పోయేది. తర్వాత పోవడం మానేసింది. ఆ తర్వాత రాత్రి మంచం మీద కూడా సలిపింది. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. ఇలాంటి సన్నని పగుళ్ళు తొలి వారాల్లో ఎక్స్‌రేకు చిక్కకపోవచ్చని నాకు తెలియదు. బాగుందన్న మాట పట్టుకుని ఇంకో మూడు వారాలు పరిగెత్తాను. ఎమ్మారై తీశాక డాక్టరుగారు తెర మీద ఆ గీత చూపించి, ఇది వెనకవైపు ఉండుంటే రెండు నెలల్లో తేలిపోయేది బాబూ అన్నారు. కాలు నేలను తాకినప్పుడల్లా ఆ ఎముక విల్లులా కొంచెం వంగుతుంది. వెనకవైపు నొక్కుకుంటుంది, ముందువైపు సాగుతుంది. సాగేవైపు పగులు అతకడం కష్టం, పైగా అక్కడ రక్తప్రసరణ తక్కువ. పది కిలోమీటర్లకు ఒక్కో కాలి మీద మూడు వేలకు పైగా అడుగులు పడతాయి. ప్రతి అడుగుకీ ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు.

ఆ ఏడాది ఆషాఢ పౌర్ణమి ముందురోజు హనుమంతవాక దగ్గర ఊతకర్ర పక్కన పెట్టుకుని గిరిప్రదక్షిణ వాళ్ళకు మంచినీళ్ళు పోశాను. సింహాచలం అప్పన్న కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. చెప్పుల్లేకుండా ముసలమ్మలు నడుస్తున్నారు, పిల్లల్ని భుజానెక్కించుకున్న తండ్రులు నడుస్తున్నారు. ఊరు ఊరంతా కదిలిపోతుంటే నేను గ్లాసులు అందిస్తూ నిలబడ్డాను. ఒకామె నీళ్ళు తాగి, నా కాలికేసి చూసి, "వచ్చే ఏడు నడుద్దువులే నాన్నా" అని తల నిమిరి వెళ్ళింది. ఆమె ఎవరో తెలియదు. ఆ చెయ్యి మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

ఇంట్లో అమ్మ వైద్యం వేరు. పొద్దున్నే చోడి అంబలి, వారానికి మూడుసార్లు ముళ్ళతో సహా నమిలేలా వేయించిన నెత్తళ్ళు. వాటికి తోడు డాక్టరుగారు రాసిన విటమిన్ డి. రాత్రి డ్యూటీలు చేసి పగలు పడుకునేవాడికి ఎండ ఎక్కడ తగులుతుంది? కొన్నాళ్ళకు నేల మీద కాకుండా సైకిలు మీద, ఈత కొలనులో కసరత్తు మొదలుపెట్టాను. గుండె, ఊపిరి అలా నిలబడ్డాయి.

అదే కొంప ముంచింది. పరుగు మళ్ళీ మొదలైన ఆరో వారం, బీచ్ రోడ్డులో పన్నెండు నిమిషాలు అనుకుని బయల్దేరాను. ఊపిరి అందుతోంది, సముద్రం గాలి వెనక నుంచి తోస్తోంది. ఇరవై అయిదు నిమిషాలు పరిగెత్తాను. మర్నాడు అదే చోట, అదే బొటనవేలంత నొప్పి. మళ్ళీ మూడు వారాలు నడకే.

ఆ వారం మా కోక్ బ్యాటరీ మీద రిఫ్రాక్టరీ మేస్త్రి నన్ను చూసి విషయం అడిగాడు. చెప్పాను. "బ్యాటరీ హీటప్ ఎప్పుడైనా చూశావా బాబూ?" అన్నాడు. చూడలేదు, నేను చేరేసరికే అది మండుతోంది. బ్యాటరీ అంటే ఏడు మీటర్ల ఎత్తు పొయ్యిలు 67 పక్కపక్కన నిలబెట్టిన వరస. గోడలన్నీ సిలికా ఇటుక. కొత్త బ్యాటరీని వేడి చేయడానికి రెండు నెలలకు పైగా పడుతుంది. మొదటి మూడొందల డిగ్రీల లోపే ఇటుక బాగా సాగుతుంది కాబట్టి, ఆ రోజుల్లో రోజుకు కొద్ది డిగ్రీలకు మించి పెంచరు. తొందరపడితే గోడ చీలుతుంది. "గ్యాసుందని తిప్పేస్తామేటి? ఇటుక ఏటి చెప్తే అదే వినాల" అన్నాడు. ఇన్నేళ్ళూ ఆ ఇటుకల మధ్యే తిరిగాను. నా ఊపిరి గ్యాసు లాంటిదని, కాలు ఇటుక లాంటిదని నాకు తట్టనే లేదు.

ఆ రోజు నుంచి గడియారం మీద దూరం చూడటం మానేశాను, నిమిషాలే చూస్తున్నాను. ఒంటికాలి మీద మడమ పైకెత్తడం ఎడమకాలికి 25 సార్లు వచ్చేది, కుడికాలికి తొమ్మిదే. అవి సమానం కావడానికి నాలుగు నెలలు పట్టింది. అడుగు పొట్టిది చేసుకున్నాను. నిమిషానికి 168 అడుగులు ఉండేవి, ఇప్పుడు 176. అడుగు చిన్నదైతే ఎముక మీద దెబ్బ తగ్గుతుంది. మొదట పరుగు నాది కానట్టు అనిపించింది, పోనుపోను అలవాటైంది.

దెబ్బ తగిలేది నాకొక్కడికే కాదు. మా ఊరి అమ్మాయి జ్యోతి యర్రాజి, పోర్ట్ హైస్కూల్లో చదువుకున్న పిల్ల, 2025 మేలో కొరియాలోని గుమిలో వంద మీటర్ల హర్డిల్స్ 12.96 సెకన్లలో దాటి ఆసియా స్వర్ణం నిలబెట్టుకుంది. ఆ తర్వాత కొద్ది వారాలకే ప్రాక్టీసులో మోకాలు దెబ్బతింది. సెప్టెంబరులో టోక్యో ప్రపంచ పోటీలకు వెళ్ళలేకపోయింది. ఆ వార్త చదివిన రోజు అన్నం సయించలేదు. ఆమె స్థాయి ఎక్కడ, నేనెక్కడ? కానీ కాలు ఆనించకుండా మంచం మీద పడుకుని పైకప్పు చూడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మన పిల్లలు పతకం తెచ్చిన రోజు పూలదండ వేస్తాం, ఇలాంటి నెలల్లోనూ ఎవరో ఒకరు పలకరిస్తే బాగుంటుంది.

ఈ ఆదివారం బీచ్ రోడ్డులో కోస్టల్ బ్యాటరీ అనే చోటు నుంచి బయల్దేరాను. పొద్దున బండ్లు ఆపేస్తారు కాబట్టి రోడ్డంతా మనుషులే. సబ్‌మెరైన్ మ్యూజియం దాటుతుండగా కుర్రాళ్ళ గుంపొకటి నన్ను దాటుకుపోయింది. ఒకడు వెనక్కి తిరిగి "రండి అన్నా" అని పిలిచాడు. ఊపిరి తేలిగ్గా ఉంది. వాళ్ళతో కలిసిపోగలను. గడియారం చూసుకుంటే ఇరవై నిమిషాలు. నా పరుగు మొత్తం నలభై. చెయ్యి ఊపి, అక్కడే వెనక్కి తిరిగాను.

రాత్రి పడుకునే ముందు ఎప్పటిలాగే ఎముక మీద బొటనవేలితో నొక్కి చూసుకున్నాను. నొప్పి లేదు. రేపు విశ్రాంతి. ఎల్లుండి నలభై రెండు నిమిషాలు.