‘ఈజ్’ చెప్పని తేడా

స్పానిష్ నేర్చుకునే ఇంగ్లీషువాళ్ళని మొదట తికమకపెట్టే జంట సేర్, ఎస్తార్. వాళ్ళకి రెండూ ‘ఈజ్’ కిందే లెక్క. అందుకని పుస్తకాలు ఒక చిట్కా కనిపెట్టాయి: శాశ్వతమైనదానికి సేర్, తాత్కాలికమైనదానికి ఎస్తార్. చిట్కా బాగానే నడుస్తుంది గానీ, చనిపోయినవాడి దగ్గరికొచ్చేసరికి చతికిలబడుతుంది. చావుకన్నా శాశ్వతమైనదేముంది? అయినా చనిపోయి ఉన్నాడనడానికి ఎస్తారే వాడాలి. మాడ్రిడ్ ఎక్కడికీ కదిలిపోదు. అది స్పెయిన్‌లో ఉందనడానికీ ఎస్తారే. రెండు గంటల్లో ముగిసిపోయే విందు ఎక్కడో చెప్పడానికి మాత్రం సేర్ కావాలి!

ఎస్తార్‌కి మూలం ‘నిలబడు’ అనే అర్థమున్న లాటిన్ క్రియ. ఎక్కడున్నాడు, ఎలా ఉన్నాడు అన్నది దాని వ్యవహారం; ఎవరు, ఎలాంటివాడు అన్నది సేర్ వ్యవహారం.

ఈ తేడా తెలుగువాడికి కొత్తేం కాదు. ‘ఆయన డాక్టరు’ అనడానికి మనకి క్రియే అక్కర్లేదు. ‘ఆయన ఆస్పత్రిలో ఉన్నాడు’ అంటే మాత్రం ఉండక తప్పదు. మొదటిది సేర్, రెండోది ఎస్తార్. లీస్తో అనే మాట సేర్‌తో కలిస్తే ‘తెలివైనవాడు’, ఎస్తార్‌తో కలిస్తే ‘సిద్ధంగా ఉన్నాడు’. రికో సేర్ పక్కన డబ్బున్నవాడు, ఎస్తార్ పక్కన రుచిగా ఉన్న కూర. విందు సంగతీ అంతే: ‘పెళ్ళెక్కడ?’ అంటే ‘మా ఇంట్లోనే’ అంటాం, క్రియ ఊసెత్తకుండా. అన్నిచోట్లా ఇలా కుదరదనుకోండి. ‘మా అన్న పొడుగ్గా ఉంటాడు’ అన్నది సేర్ సొత్తు.

ఇష్టాన్ని చెప్పే క్రియ గుస్తార్ విషయంలోనూ మనది పైచెయ్యే. ‘ఐ లైక్’ అనే అలవాటున్నవాళ్ళు ఆ వాక్యాన్ని తలకిందులు చేసుకోవాలి. ‘నాకు కాఫీ ఇష్టం’ అనేవాళ్ళకి ఆ అవసరమే లేదు. అయినా డల్లాస్ బడిలో స్పానిష్ చదివే తెలుగు పిల్లలు ఇంగ్లీషువాళ్ళ చిట్కాలే బట్టీపడతారు, తమది కాని కష్టాన్ని అరువు తెచ్చుకుని.

అలాగని మనకి కష్టాలే లేవని కాదు. అప్పు అడిగితే పెదీర్, టైమెంతని అడిగితే ప్రెగుంతార్; మనకి రెండూ అడగడమే. అడ్రసు తెలిస్తే సబేర్, మనిషి తెలిస్తే కొనొసేర్. మనకి రెండూ తెలియడమే. ఎవరైనా పిలిస్తే ఇంగ్లీషువాళ్ళలాగే మనమూ ‘వస్తున్నా’ అంటాం. స్పానిష్‌వాళ్ళు ‘యా బోయ్’ అంటారు, అంటే ‘వెళ్తున్నా’ అని. ఇలాంటిచోట ఇంగ్లీషు పుస్తకం చెప్పే జాగ్రత్తలు మనకీ పనికొస్తాయి. కాకపోతే పాఠం వల్లించేముందు వాక్యాన్ని ఒకసారి తెలుగులో అనుకోవడం మంచిది. ఏ కష్టం మనదో, ఏది వాళ్ళదో అప్పుడే తేలుతుంది.