గ్రూపు గడిలో నా చేతిరాత

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలు, మా మాదన్నపేట కూరగాయల మార్కెట్లో వంకాయల ధర కన్నా ముందు "మీ అమ్మాయికి ఏ గ్రూపు తీసుకున్నారు?" అన్న ప్రశ్నే ఎదురవుతుంది. అమ్మాయి ఏం తీసుకుందని ఎవరూ అడగరు. తీసుకునేది తల్లిదండ్రులే కదా మరి!

నా విషయంలోనూ అంతే. 1996లో పది పాసయ్యాను. నాకు లెక్కలంటే ప్రాణం. కానీ ఎం.పి.సి. ఉన్న కాలేజీకి రెండు బస్సులు మారాలని మా అన్నయ్య దగ్గర్లోనే హెచ్.ఇ.సి.లో చేర్పించాడు. ఇంటర్ అవగానే పెళ్లి. లెక్కలు చదవలేదన్న దుగ్ధ మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ దుగ్ధంతా 2023లో మా అమ్మాయి మీద తీర్చుకున్నాను. "అమ్మా, నేను సి.ఇ.సి. చదువుతానే" అంది. వింటేనా! "దాని ఇష్టం కానీయ్" అని మావారు అంటున్నా సరే, అప్లికేషన్లో గ్రూపు గడిలో ఎం.పి.సి. అని నా చేత్తో నేనే రాశాను.

పదిలో లెక్కలు బాగానే చేసిన పిల్లలకు కూడా ఇంటర్ లెక్కలు ఒక్కసారిగా కొండలా కనపడతాయి. 1ఎలో మ్యాట్రిసెస్, వెక్టర్లు, ట్రిగనామెట్రీ. 1బిలో లిమిట్స్, డెరివేటివ్స్. వీటికి తోడు ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఎంసెట్ కోచింగు. పొద్దున ఏడింటికి వెళ్లిన పిల్ల రాత్రి ఎనిమిదికి వచ్చేది. టిఫిన్ డబ్బా వెళ్లింది వెళ్లినట్టే తిరిగొచ్చేది. నేనేమో పులిహోర కుదరలేదనుకుని మర్నాడు టమాటా అన్నం పెట్టేదాన్ని!

2024లో ఫలితాలొచ్చాయి. 1ఎలో 19, 1బిలో 14. 75కి 26 వస్తే గానీ పాసు కాదు. అది ఏడవలేదు. "ముందే చెప్పాను కదమ్మా" అని కూడా అనలేదు. అందుకే నాకు భయమేసింది.

సప్లిమెంటరీ రాయించమన్నారు అందరూ. అది గట్టెక్కినా, రెండో ఏడు 2ఎ, 2బి కాచుకుని ఉంటాయిగా? డల్లాస్‌లో ఉన్న మా ఆడపడుచు కూతురు ఫోన్లో చెప్పింది, అక్కడ హైస్కూల్లో లెక్కలు పై స్థాయివి, సైన్సు మామూలుది తీసుకుని, పక్కనే సంగీతం కూడా చదవొచ్చట. మన దగ్గర గ్రూపంటే మూట. అందులో ఒక్కటి బరువైనా తీసి పక్కన పెట్టడానికి లేదు, మొత్తం మూట దించాల్సిందే. ఏడాది పోతే పోయిందని దించేశాం. చుట్టాల మాటలు ఇక్కడ రాయనులెండి.

ఆ జూన్‌లో అప్లికేషన్ అదే నింపింది. నేను పక్కన కూర్చుని గోరుచిక్కుళ్లు తుంచుతున్నాను. గ్రూపు గడిలో సి.ఇ.సి. అని రాసి, రెండో భాష దగ్గర ఆగింది. మార్కులు పడతాయని అందరూ సంస్కృతమే తీసుకుంటారు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. అది నా వైపు చూడకుండానే తెలుగు అని రాసింది. దానికి తెలుగంటే ఇష్టమని నాకప్పుడే తెలిసింది.