“ఈ వయసులో మామూలేనమ్మా!”

చాలా ఏళ్ళ క్రితం సంగతి. నేను ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తున్న రోజులలో నలభై ఎనిమిదేళ్ళ ఉపాధ్యాయిని ఒకరు ఓపీకి వచ్చారు. పాఠం చెబుతూండగా ఉన్నట్టుండి ఛాతీ నుంచి మెడకు, ముఖానికి వేడి ఆవిర్లు ఎగదన్నుతున్నాయనీ, రెండు మూడు నిమిషాలలో జాకెట్టు తడిసిపోతోందనీ, ఆ వెంటనే చలి పుడుతోందనీ చెప్పారు. రాత్రి రెండు మూడు సార్లు లేచి బట్టలు మార్చుకోవలసి వస్తోందట. ముట్లు ఆగి ఆరు నెలలైంది. బయట రోగుల వరుస పెద్దదిగా ఉంది. “ఈ వయసులో మామూలేనమ్మా, అదే తగ్గిపోతుంది” అని బి కాంప్లెక్సు మాత్రలు రాసి పంపించాను.

మూడేళ్ళ తరువాత రక్తపోటు చూపించుకోవడానికి వచ్చినప్పుడు మాటల మధ్య ఆవిడ ఒక సంగతి చెప్పారు. ప్రధానోపాధ్యాయురాలిగా పదోన్నతి వస్తే వద్దని రాసిచ్చారట. “సమావేశాలలో అందరి ముందూ అలా చెమటలు కారుతూంటే ఎలా కూర్చోను డాక్టరుగారూ? మీరు మామూలే అన్నారు కదా, ఇంకెవరికి చెప్పుకోను?” అన్నారు. ఆవిడ నన్ను నిందించలేదు. నాకే తల ఎత్తబుద్ధి కాలేదు.

నేను చెప్పినది అబద్ధం కాదు. మన దేశంలో స్త్రీలకు సాధారణంగా 46, 47 ఏళ్ళ ప్రాంతంలో ముట్లుడుగుతాయి. ఈస్ట్రోజన్ తగ్గడంతో మెదడులో ఒంటి వేడిని అదుపుచేసే హైపోథాలమస్ అతిసున్నితమవుతుంది. వేడి రవ్వంత పెరిగినా, ఎండలో నిలబడినట్లే భావించి చర్మంలోని రక్తనాళాలను విప్పార్చి చెమట పట్టిస్తుంది. అయితే ఇది నెల రెండు నెలలలో పోయేది కాదు. చాలామందిలో ఏడేళ్ళ వరకూ ఉంటుంది. నిద్ర చెడితే మరునాడు చిరాకు, మతిమరుపు, పనిలో పొరపాట్లు తప్పవు. పొయ్యి దగ్గర వండే తల్లికీ, ఎండలో కలుపు తీసే కూలికీ ఫ్యాను కింద కూర్చునే వీలైనా లేదు.

మన రెండు తెలుగు రాష్ట్రాలలో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఎక్కువ. ఆ ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసివేస్తే ఈ ఆవిర్లు హఠాత్తుగా, తీవ్రంగా మొదలవుతాయి. ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు ఈ విషయం తప్పక అడగండి.

దీనికి చికిత్స ఉంది. అన్నిటికన్నా బాగా పనిచేసేది హార్మోన్ చికిత్స. 2002లో వెలువడిన ఒక అమెరికా పరిశోధన తరువాత వైద్యులమూ దాని పేరు చెబితే భయపడ్డాము. కాని అందులో పాల్గొన్న స్త్రీల సగటు వయసు 63. అరవై ఏళ్ళలోపు, లేదా ముట్లుడిగిన పదేళ్ళలోపు మొదలుపెడితే, ఇతర జబ్బులు లేని స్త్రీలకు సాధారణంగా నష్టంకన్నా మేలే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే జబ్బు, పక్షవాతం, కాలేయ వ్యాధి ఉన్నవారికి ఇది తగదు. గర్భసంచి ఉన్నవారికి ఈస్ట్రోజన్‌తోపాటు ప్రొజెస్టిరాన్ కూడా ఇవ్వాలి. కనుక సొంతంగా కొని వాడవద్దు. హార్మోన్లు పడనివారికి వేరే మందులు ఉన్నాయి.

మరో హెచ్చరిక. రాత్రి చెమటలతోపాటు దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఉంటే క్షయ పరీక్ష చేయించాలి. గుండెదడ ఉంటే థైరాయిడ్ చూడాలి. ముట్లుడిగిన తరువాత ఒక్క చుక్క రక్తం కనిపించినా ఆలస్యం చేయకూడదు.

ఆ ఉపాధ్యాయినికి పోయిన పదోన్నతిని నేను తిరిగి ఇవ్వలేను. మీకు మాత్రం ఒక మాట చెప్పగలను. డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు రోజుకు ఎన్నిసార్లు ఆవిర్లు వస్తున్నాయో, ఎన్ని రాత్రులు నిద్ర పోయిందో, ఏ పని ఆగిపోతోందో వివరంగా చెప్పండి. “మామూలే” అంటే లేచి రాకండి. “మామూలే కావచ్చు, కాని నా పని సాగడం లేదు. ఏం చేద్దాం?” అని అడగండి. ఆనాడు ఆవిడ నన్ను అలా అడిగి ఉంటే, నేను మరొకసారి ఆలోచించి ఉండేవాడిని.