రికార్డు అటుపక్క పాట

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు, "అన్నా, నీళ్ళసాంబారు మీద, ట్రంకుపెట్టె తాళం మీద ఇప్పటికే ఆరుగురు రాసిచ్చారు, నువ్వు వేరే ఏదైనా రాయన్నా" అని ముందే చెప్పారు. అందుకని నాకు బాగా ఇష్టమైన ఒక పాట గురించి రాస్తున్నాను. అది ఇంగ్లీషు పాట. భయపడకండి, అందులో మోగే వాయిద్యాలన్నీ మన దేశానివే.

ఇప్పటి పిల్లలకు పాట ఫోన్‌లో వస్తుంది కాబట్టి దానికి వెనకపక్క అంటూ ఉండదు. పూర్వం చిన్న గ్రామఫోన్ రికార్డుకు ఒక పక్క ఒక పాట, రెండో పక్క ఇంకో పాట ఉండేవి. రేడియోలో మోగేదీ, జనం కొనేదీ ఏ సైడు పాట. రెండో పక్క ఖాళీగా వదలకూడదు గనుక వేసేది బీ సైడు. భోజనాల బంతిలో చివర కూర్చున్నవాడి పరిస్థితి దానిది.

ఇంగ్లాండులో లివర్‌పూల్ అనే రేవు పట్టణానికి చెందిన బీటిల్స్ అనే నలుగురు కుర్రాళ్ళ బృందం 1968 మార్చిలో "లేడీ మడొన్నా" అనే పాటతో ఒక రికార్డు విడుదల చేసింది. అది ఇంగ్లాండులో మొదటి స్థానానికి వెళ్ళింది. దాని అటుపక్క ఉన్న పాట పేరు "ది ఇన్నర్ లైట్". అమెరికా పాటల పట్టికలో అది ఒకే ఒక్క వారం, 96వ స్థానంలో కనిపించి మాయమైంది. మన మార్కుల లెక్కలో 96 అంటే స్వీట్లు పంచుతాం గానీ, వంద పాటల పట్టికలో అది తలుపు దగ్గర నిలబడిన స్థానం.

ఆ పాట కట్టినవాడు జార్జ్ హారిసన్. బృందంలో అందరికన్నా చిన్నవాడు. ఆయన తండ్రి బస్సు కండక్టరుగా చేసి, తరవాత డ్రైవరయ్యాడు. వాళ్ళ ఇంట్లో మరుగుదొడ్డి బయట పెరట్లో ఉండేది. చదువులో ఏ పరీక్షా గట్టెక్కకుండానే బడి మానేసి, ఒక పెద్ద దుకాణంలో ఎలక్ట్రీషియన్ పనికి కుదిరాడు. ఈ సంగతులు చదివినప్పుడు నాకు ఆయన మన నాలుగో నంబరు గదిలో ఉండి వెళ్ళినవాడిలా అనిపించాడు. బృందంలో పాటలు ఎక్కువగా రాసేది లెనన్, మెకార్ట్నీ. హారిసన్ రాసిన పాట ఒకటి వాళ్ళ సింగిల్ రికార్డు మీదికి ఎక్కడం ఇదే మొదటిసారి. అదీ వెనకపక్కకు.

పాటలో మాటల సంగతి ఇంకా చిత్రం. కేంబ్రిడ్జిలో సంస్కృతం చెప్పే హువాన్ మాస్కరో అనే పండితుడు, మన భగవద్గీతనూ ఉపనిషత్తులనూ ఇంగ్లీషులోకి అనువదించినవాడు, 1967 చివర్లో హారిసన్‌కు ఉత్తరం రాసి తన పుస్తకం ఒకటి పంపాడు. అందులో చైనావాళ్ళ ప్రాచీన గ్రంథం తావో తే చింగ్‌లోని 47వ అధ్యాయం ఉంది. దీనికి సంగీతం కట్టకూడదా అని అడిగాడు. గడప దాటకుండానే లోకాన్ని తెలుసుకోవచ్చు, ఎంత దూరం తిరిగితే అంత తక్కువ తెలుస్తుంది అన్నది దాని భావం.

ఈ భావంతో నాకు మొదటినుంచీ పేచీ ఉంది. 2003లో బి.ఎడ్. చదువుతుండగా ఒక మిత్రుడు ఈ పాటను ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చాడు. మాటలు కాగితం మీద రాసుకుని అర్థం చేసుకున్నాక ఒళ్ళు మండింది. గడప దాటకపోతే మనకేం తెలిసేది? నేను మా ఊరి గడప దాటి, ఒక దుప్పటీ ఒక కంచమూ పట్టుకుని ఆరో తరగతిలో ఈ హాస్టల్‌కి రాకపోతే, మా ఇంట్లో సంతకం చేసేవాడే లేడు. ఇంట్లో కూర్చుని లోకం తెలుసుకోవచ్చనే మాట లోకమంతా తిరిగొచ్చినవాడికి చెల్లుతుంది. హారిసన్ తిరిగొచ్చినవాడే. 1966 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో చివరి కచేరీ చేసేనాటికి ఆ బృందానికి జనం కేకల్లో తమ పాట తమకే వినపడని స్థితి వచ్చింది. అలాంటివాడు తలుపేసుకోవాలనుకుంటే అనుకోవచ్చు.

అయితే మా అమ్మ సంగతి చెప్పాలి. ఆమె మా మండలం దాటి వెళ్ళింది లెక్కపెడితే మూడు సార్లు. అక్షరం రాదు. కానీ నన్ను పనికి పెట్టమని ఊళ్ళో అందరూ చెబుతున్నప్పుడు, "వాడు చదవాల్సిందే" అని ఒక్క మాట మీద నిలబడింది ఆమే. ఎవరు చెప్పారామెకి? ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు గానీ, అప్పట్నుంచి ఆ పాట మీద కోపం సగం తగ్గింది.

ఇంతకీ గడప దాటనక్కర్లేదనే ఈ పాటకు సంగీతం కోసం హారిసన్ బొంబాయి దాకా వచ్చాడు! 1968 జనవరిలో ఒక సినిమా సంగీతం పని మీద వచ్చి, హెచ్.ఎం.వి. స్టూడియోలో ఈ పాట వాద్య సంగీతాన్ని కూడా రికార్డు చేసుకున్నాడు. బొంబాయిలో ఒక ట్రాకు యంత్రమే ఉంటే, భాస్కర్ మీనన్ అనే కంపెనీ అధికారి కలకత్తా నుంచి రెండు ట్రాకుల యంత్రాన్ని రైల్లో తెప్పించాడు. స్టూడియో కింద ఆఫీసులు ఉండేవి, బయటి శబ్దం ఆపే ఏర్పాటు లేదు. సాయంత్రం అయిదున్నరకు గుమాస్తాలు మెట్లు దిగే చప్పుడుకు రికార్డింగు ఆపేయాల్సి వచ్చేదట. తరవాత ఫిబ్రవరిలో లండన్ వెళ్ళి గొంతు చేర్చాడు. అంత పైస్థాయిలో పాడలేనని హారిసన్ జంకితే మెకార్ట్నీ ధైర్యం చెప్పాడు. చిట్టచివర మాత్రం లెనన్, మెకార్ట్నీల గొంతులు తోడొస్తాయి. బీటిల్స్ పాటే గానీ గిటార్ లేదు, డ్రమ్స్ లేవు.

వాయించింది మనవాళ్ళు. సరోద్ ఆశిష్ ఖాన్, వేణువు హరిప్రసాద్ చౌరాసియా, షెహనాయి హనుమాన్ జాదవ్, హార్మోనియం రిజ్‌రాం దేశద్, పఖవాజ్ మహాపురుష్ మిశ్రా. చౌరాసియా గారు అలహాబాదులో ఒక పహిల్వాన్ కొడుకు. కటక్ రేడియోలో ఉద్యోగం చేసి బొంబాయి చేరాడు. 2000లో పద్మవిభూషణ్ అందుకున్నాడు. ఆశిష్ ఖాన్ 2024లో కన్నుమూశాడు. కానీ రికార్డు మధ్య అంటించిన గుండ్రటి కాగితం మీద వీళ్ళ పేర్లు లేవు. ఉన్నవి బీటిల్స్ పేరూ, హారిసన్ పేరూ. ఈ పేర్లన్నీ నాకు తెలిసింది చాలా ఏళ్ళ తరవాత, పుస్తకాల్లో.

ఇది నాకు మామూలు విషయంగా తోచలేదు. మా పెదనాన్న నలభై ఏళ్ళు డప్పు కొట్టాడు. చుట్టుపక్కల ఎనిమిది ఊళ్ళలో ఎవరింటి పెళ్ళి వీడియో పెట్టినా ఆయన దెబ్బ వినపడుతుంది. మనిషి ఒక్కదాంట్లోనూ కనపడడు. కెమెరా ఆయన దాకా వచ్చి పక్కకు తిరిగిపోతుంది. పత్రికలో పురోహితుడి పేరుంటుంది, వంటమేస్త్రీ పేరు అడిగి తెలుసుకుంటారు, ఈయన్ని మాత్రం "ఒరే మేళం" అనేవాళ్ళు.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఆయనకు ఈ పాట వినిపించాను. మొత్తం రెండున్నర నిమిషాలే. చెవులు మందం కాబట్టి ఫోన్ చెవికి ఆనించి పట్టుకున్నాను. మాటలు ఆయనకు అక్కర్లేదు. మధ్యలో రెండు వేళ్ళతో మంచం పట్టె మీద దరువు వేశాడు, ఎక్కడో తప్పిపోయి నవ్వి, మళ్ళీ అందుకున్నాడు.

"ఎవుర్రా అది, ఆ మద్దెల కొట్టేవోడు? చెయ్యి తిరిగినోడే. పేరేంది?"

"మహాపురుష్ మిశ్రా అంట పెదనాన్నా."

"మహాపురుషు" అని రెండుసార్లు అనుకున్నాడు. తరవాత, "ఇంకోసారి పెట్టు" అన్నాడు.