ఎవరి మనిషివి?

1994లో పాలిటెక్నిక్ డిప్లొమా చేతికొచ్చింది. పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ నన్ను అప్రెంటిస్‌గా తీసుకుంది. మా అయ్య పటేల్‌గూడ మాదిగవాడంతా తిరిగి "నా కొడుక్కి నౌకరొచ్చింది" అని చెప్పుకున్నడు. అది నౌకరి కాదని నాకు తెలుసు. చెప్పలేకపోయిన.

1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం నేను కార్మికుణ్ణి కాదు, నేర్చుకునేటోణ్ణి. గడువైనంక ఉద్యోగమియ్యాలన్న బాధ్యత అప్పుడు యజమానికి లేదు. 1973 సవరణతో ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ సీట్లు కేటాయించాలన్నరు. శిక్షణ దాకనే! ప్రైవేటు నౌకరికి రిజర్వేషన్ అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

యేడాదంతా పర్మినెంటోళ్లతో సమానంగ లేత్ మీద పనిచేసిన. ఆఖరికి ఆఫీసు రూముకు పిలిచిండ్రు. పని గురించి ఒక్క మాట అడగలె.

"పటేల్‌గూడల ఎవరి మనిషివి?"

అయ్య పేరు చెప్పిన. ఆ సారు పెన్ను మూసిండు.

ఆరుగురిలో ఇద్దర్ని ఉంచుకున్నరు. ఇద్దరూ సూపర్‌వైజర్ చుట్టాలే. మార్కులు నాకన్న తక్కువ. ఇన్నేండ్లకన్నా ఈ ముక్క రాయకపోతే కడుపుల మంట ఆరదు.

2014 సవరణ తర్వాత అప్రెంటిస్‌లను ఉద్యోగంలోకి తీసుకునే పద్ధతిని యజమానే రాసుకోవాలె. పెన్ను మళ్ల ఆ చేతులనే. 2024లో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకమొచ్చింది. అప్పుడు పెద్ద కంపెనీల్లో 12 నెలలు, నెలకు 5,000 రూపాయలు అన్నరు. దాంట్ల కూడ నౌకరి హామీ లేదు.

మొన్న ఇంజనీరింగ్ చదివే నా బిడ్డ అడిగింది: "నాయినా, రిఫరల్ ఉంటె తొందరగ పిలుస్తరట. ఆ కంపెనీల మనకు తెలిసినోళ్లున్నరా?"

ఫోన్ల పేర్లు చూసుకుంట శానసేపు కూసున్న.