‘రాత్రి బాగా నిద్రపోయారు’

నైట్ డ్యూటీలో తెల్లారుజామున ప్రతి కేస్‌షీట్‌లోనూ ఆ ముక్క రాసేదాన్ని. ఎన్ని వందలసార్లు రాశానో! ఆపరేషన్‌కి ముందురోజు చేరిన ఒకావిడ అడిగింది, “ఏం రాశారు సిస్టర్?” అని. చెప్పాను. నవ్వేసింది. “కళ్లు మూసుకుంటే నిద్రేనా? మీరు నాలుగుసార్లు టార్చి వేశారు. లెక్కపెట్టుకుంటూ పడుకున్నా.”

అప్పట్నుంచి అడిగాకే రాస్తున్నాను.

ఆమెది పాపిలరీ రకం. థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువగా వచ్చేది అదే, బాగా నయమయ్యేదీ అదే. డాక్టర్‌గారు ఆ మాట చెప్పే పంపుతారు. రాత్రి పదింటికి లైట్లు తీసేశాక మాత్రం ‘క్యాన్సర్’ ఒక్కటే గుర్తుంటుంది. చెయ్యి మెడ మీదికే పోతుంది, గడ్డ పెరిగిందేమోనని తడుముకుంటూ ఉంటారు. “పడుకుంటే గొంతు నొక్కుతోంది” అంటారు. అంత చిన్న గడ్డ నొక్కదని స్కాన్ చెబుతుంది. నేను వాదించను, ఇంకో దిండు ఇస్తాను.

ఆపరేషన్ అయిన రాత్రి నిద్ర చెడగొట్టేది మేమే. మెడ లోపల రక్తం చేరితే ఊపిరాడదు. ఆ ప్రమాదం మొదటి 24 గంటల్లోనే ఎక్కువ. అందుకే పదేపదే లేపి కట్టు చూస్తాం, డ్రెయిన్ చూస్తాం, గొంతు మారిందేమోనని పేరు చెప్పమంటాం. “పేరు మారిపోయిందేమోనని చూస్తున్నారా?” అని విసుక్కుందావిడ. కుట్టు కంటే మెడ వెనక నొప్పే ఎక్కువట. టేబుల్ మీద గంటల తరబడి తల వెనక్కి వాల్చి ఉంచుతారు మరి. తువాలు చుట్టి మెడ కింద పెడితే కాస్త కునుకు పట్టింది.

రెండో రాత్రి 2 దాటాక వెళితే మేలుకునే ఉంది. పెదాల చుట్టూ, వేళ్ల చివర్లలోనూ చీమలు పాకుతున్నట్టుందట. “చెయ్యి నలిగిందేమోలే, మిమ్మల్ని లేపడమెందుకని...” అంది. నన్ను లేపడమేమిటి, నా డ్యూటీయే అది! చెవి ముందు చెంప మీద వేలితో తట్టాను. పెదవి కొస ఎగిరింది. థైరాయిడ్ వెనక బియ్యపుగింజంత గ్రంథులు నాలుగుంటాయి. ఆపరేషన్‌లో అవి దెబ్బతింటే కాల్షియం పడిపోతుంది. డాక్టర్‌ని పిలిచాను. మానిటర్ పెట్టి కాల్షియం నెమ్మదిగా ఎక్కించాం. తెల్లారేసరికి తిమ్మిరి తగ్గింది. కేస్‌షీట్‌లో ఈసారి సగం పేజీ నిండింది.

మూడు నెలలకి రివ్యూకొచ్చింది. అర్ధరాత్రి గుండె దడతో లేస్తోందట, జబ్బు తిరగబెట్టిందేమోనని భయం. రక్తపరీక్ష చేస్తే థైరాక్సిన్ డోసు కాస్త ఎక్కువైందని తేలింది. డాక్టర్‌గారు తగ్గించి రాశారు.

అదేరోజు ఓ పీజీ అమ్మాయి 1989 నాటి పిట్స్‌బర్గ్ నిద్ర ప్రశ్నావళి పట్టుకొచ్చింది. 19 ప్రశ్నలు, మొత్తం 5 దాటితే నిద్ర సరిగా లేనట్టు లెక్క. “పడుకున్నాక ఎన్ని నిమిషాలకి నిద్ర పడుతోందమ్మా?”

ఆవిడ నావైపు చూపించింది. “ఆ సిస్టర్‌ని అడుగు, టార్చి వేసి చూసేది తనే.”